ఎస్‌పీఎఫ్ ఉన్నా మా డొమైన్ పేరుతో దొంగ మెయిళ్లు ఆగడం లేదు, ఎక్కడ తప్పుతోంది?

ఈసీఈ_ల్యాబ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక ఇంజనీరింగ్ కాలేజీ డొమైన్ నిర్వహణ చూస్తున్నాను. 140 మెయిల్‌బాక్సులు గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉన్నాయి. వెబ్‌సైటు వేరే చోట, సీప్యానెల్ షేర్డ్ హోస్టింగులో ఉంది. అడ్మిషన్ల ఎంక్వైరీ ఫారమ్ కూడా అందులోనే. ఫీజు రసీదులు, హాల్‌టికెట్ నోటీసులు అమెజాన్ ఎస్‌ఈఎస్ (మెయిల్ పంపే సేవ) ముంబై రీజియన్ నుంచి వెళ్తాయి. డీఎన్‌ఎస్ (డొమైన్ రికార్డులు ఉండే చోటు) క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంది.

సమస్యలు రెండు. ప్రిన్సిపాల్ అడ్రసు ఫ్రమ్‌లో పెట్టి "ఫీజు ఈ ఖాతాకు కట్టండి" అంటూ తల్లిదండ్రులకు ఎవరో మెయిళ్లు పంపుతున్నారు. మరోపక్క మేం నిజంగా పంపే రసీదులేమో స్పామ్‌లో పడుతున్నాయి.

ఎస్‌పీఎఫ్ రికార్డు (మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే పట్టిక) ఉంది. అందులో గూగుల్ ఇన్‌క్లూడ్ (వాళ్ల సర్వర్ల పట్టికనూ కలుపుకోమని), ఎస్‌ఈఎస్ ఇన్‌క్లూడ్, హోస్టింగు వాళ్ల ఇన్‌క్లూడ్, 'ఏ' (సైటు ఐపీ), ఎంఎక్స్, చివర ~ఆల్ (పట్టికలో లేనివాటిని అనుమానించమని) ఉన్నాయి. డీకిమ్ (మెయిల్ మీద పడే డొమైన్ డిజిటల్ సంతకం) కోసం మేం ఏమీ చేయలేదు. అయినా జీమెయిల్‌లో షో ఒరిజినల్ (మెయిల్ హెడర్లు చూపేది) తెరిస్తే డీకిమ్ పాస్ అనే చూపిస్తోంది. డీమార్క్ రికార్డు లేదు. ~ఆల్ తీసేసి -ఆల్ (పట్టికలో లేనివి ఫెయిలే) పెడితే దొంగ మెయిళ్లు ఆగుతాయా? బయటి నుంచి మాకొచ్చే స్పామ్ కూడా దీంతో తగ్గుతుందా?

జోన్‌ఫైల్

-ఆల్ పెట్టినా ఆగవండి. ఎస్‌పీఎఫ్ చూసేది మీరనుకునే ఫ్రమ్‌ను కాదు.

మెయిల్‌కు పంపినవారి అడ్రసు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కవరు మీద. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు మెయిల్ ఫ్రమ్ ఆదేశంలో చెప్పుకునేది అదే, తర్వాత రిటర్న్‌పాత్ హెడర్‌లో కనిపిస్తుంది. రెండోది ఉత్తరం లోపల రాసిన ఫ్రమ్. చదివేవాళ్లకు కనిపించేది ఇదొక్కటే. 1982 నాటి ఎస్‌ఎంటీపీ ఈ రెండూ ఒకటే కావాలని ఎక్కడా పట్టుబట్టలేదు. ఎస్‌పీఎఫ్ కవరు మీది డొమైన్‌నే చూస్తుంది. దొంగవాడు కవరు మీద తన సొంత డొమైన్ రాసి, లోపల మీ ప్రిన్సిపాల్ అడ్రసు పెడతాడు. అతని డొమైన్ ఎస్‌పీఎఫ్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి పాస్ వస్తుంది. మీ రికార్డును ఎవరూ తెరిచి కూడా చూడరు.

మీ డీకిమ్ పాస్ కూడా ఇలాంటిదే. వర్క్‌స్పేస్‌లో మీ కీ మీరు పెట్టకపోతే గూగుల్ తన గ్యాప్స్‌ఎస్‌ఎంటీపీ డొమైన్ పేరుతో సంతకం చేసి పంపుతుంది. షో ఒరిజినల్‌లో పాస్ పక్కన ఏ డొమైన్ ఉందో చూడండి, మీది ఉండదు. సంతకం అసలైనదే, కానీ అది గూగుల్ సంతకం, కాలేజీది కాదు.

ఈ ఖాళీని పూడ్చేది డీమార్క్ (2015, ఆర్‌ఎఫ్‌సీ 7489). అది అడిగేది ఒకటే: ఎస్‌పీఎఫ్ పాసైన డొమైన్ గానీ, డీకిమ్ పాసైన డొమైన్ గానీ, లోపలి ఫ్రమ్ డొమైన్‌తో కలుస్తోందా? దీన్నే అలైన్‌మెంట్ అంటారు. రెండింటిలో ఏ ఒక్కటి కలిసినా చాలు. రిలాక్స్‌డ్ పద్ధతిలో సబ్‌డొమైన్లు కూడా కలిసినట్టే లెక్క. దేనితోనూ కలవకపోతే మెయిల్‌ను ఏం చేయాలో మీరు మీ డీఎన్‌ఎస్‌లో చెబుతారు: ఏమీ చేయొద్దు (నన్), స్పామ్‌లో వేయి (క్వారంటైన్), తిప్పికొట్టు (రిజెక్ట్).

పని ఈ వరుసలో చేయండి. వరుస మారితే మీ రసీదులే తిరిగొస్తాయి.

మొదట డీమార్క్‌ను నిఘాకు మాత్రమే పెట్టండి. _డీమార్క్ పేరుతో ఒక టీఎక్స్‌టీ (పాఠం రాసే) రికార్డు చేర్చి, అందులో వీ=డీమార్క్1, పీ=నన్, ఆర్‌యూఏ=మెయిల్‌టు:మీ రిపోర్టుల అడ్రసు అని రాయాలి. డీఎన్‌ఎస్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, మధ్యలో సెమికోలన్లు ఉండాలి, వీ ట్యాగు అన్నిటికంటే ముందుండాలి. మీ పేరుతో వచ్చిన మెయిళ్ల లెక్కను అందుకున్న సర్వర్లు ఆ అడ్రసుకు రిపోర్టులుగా పంపుతాయి, వాటికి వేరే మెయిల్‌బాక్సు తెరవండి, ప్రిన్సిపాల్ ఇన్‌బాక్సుకు మళ్లించొద్దు. పేరు పెట్టె దగ్గర ఒక జాగ్రత్త: చాలా ప్యానెళ్లు మీ డొమైన్‌ను వెనక వాటంతటవే తగిలిస్తాయి. పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు పడి, రికార్డు ఎవరికీ దొరకని చోట కూర్చుంటుంది. సేవ్ చేశాక డిగ్ కమాండుతో అడిగి చూసుకోండి.

తర్వాత గూగుల్ డీకిమ్. అడ్మిన్ కన్సోల్, యాప్స్, గూగుల్ వర్క్‌స్పేస్, జీమెయిల్, అథెంటికేట్ ఈమెయిల్. కీ పొడవు 2048 బిట్లు ఎంచుకోండి. సెలెక్టర్ (కీకి పెట్టే పేరు) 'గూగుల్' అనే ఉంటుంది, అలాగే ఉంచండి. అక్కడిచ్చిన టీఎక్స్‌టీని క్లౌడ్‌ఫ్లేర్‌లో అతికించాక వెనక్కి వచ్చి స్టార్ట్ అథెంటికేషన్ నొక్కాలి. చాలామంది ఈ చివరి మెట్టు మరిచిపోతారు. డీఎన్‌ఎస్‌లో కీ ఉంటుంది, సంతకం మాత్రం పడదు. ఒక టీఎక్స్‌టీ తీగలో 255 అక్షరాలకు మించి పట్టవు, 2048 బిట్ల కీ దానికంటే పొడుగు. క్లౌడ్‌ఫ్లేర్ దాన్ని తనే విడగొట్టుకుంటుంది. కొన్ని పాత ప్యానెళ్లు చడీచప్పుడు లేకుండా తోక కత్తిరిస్తాయి, అప్పుడు ప్రతి మెయిల్‌కూ డీకిమ్ ఫెయిలే.

ఎస్‌ఈఎస్‌లో ఈజీ డీకిమ్ ఆన్ చేస్తే మూడు సీనేమ్ రికార్డులు (ఒక పేరును మరో పేరుకు మళ్లించేవి) ఇస్తుంది. మూడూ పెట్టాలి. క్లౌడ్‌ఫ్లేర్‌లో వాటి పక్కన నారింజ మేఘం (ప్రాక్సీ గుర్తు) ఉండకూడదు, డీఎన్‌ఎస్ ఓన్లీగా మార్చండి. మేఘం ఉంటే ఎస్‌ఈఎస్‌కు కీ దొరకదు, వెరిఫికేషన్ పెండింగులోనే ఉండిపోతుంది. ఆ తర్వాత కస్టమ్ మెయిల్ ఫ్రమ్ పెట్టండి. ఇప్పుడు మీ రసీదుల కవరు మీద ఉన్నది అమెజాన్ సొంత డొమైన్. అందుకే మీ ఎస్‌పీఎఫ్‌లోని ఎస్‌ఈఎస్ ఇన్‌క్లూడ్ ఇన్నాళ్లూ దేనికీ పనికిరాలేదు. 'బౌన్స్' లాంటి ఒక సబ్‌డొమైన్ తీసుకుని, ఎస్‌ఈఎస్ ఇచ్చే ఎంఎక్స్ ఒకటి, ఎస్‌పీఎఫ్ టీఎక్స్‌టీ ఒకటి దాని కింద పెట్టాలి. మీ అసలు ఎంఎక్స్ జోలికి వెళ్లొద్దు.

ఇవి చేశాక మీ ప్రధాన ఎస్‌పీఎఫ్‌ను కోసేయొచ్చు. ఎంఎక్స్ తీసేయండి, మీకు మెయిల్ అందుకునే సర్వర్ల పట్టిక అది, పంపేవాటిది కాదు. 'ఏ' తీసేయండి. సైటు క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ వెనక ఉంటే 'ఏ' రికార్డులో తేలేది క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలే, అసలు హోస్టింగు ఐపీ కాదు. ఎస్‌ఈఎస్ ఇన్‌క్లూడ్ సబ్‌డొమైన్‌కు మారింది కాబట్టి ఇక్కడ అక్కర్లేదు. హోస్టింగు వాళ్ల ఇన్‌క్లూడ్ కూడా పోవాలి. చివరికి మిగిలేది గూగుల్ ఇన్‌క్లూడ్, ~ఆల్. ఇలా కోయడం అందం కోసం కాదు. ఎస్‌పీఎఫ్‌కు 10 డీఎన్‌ఎస్ వెతుకులాటల పరిమితి ఉంది. ఇన్‌క్లూడ్, ఏ, ఎంఎక్స్, పీటీఆర్, ఎగ్జిస్ట్స్, రీడైరెక్ట్ అన్నీ లెక్కలోకి వస్తాయి, ఇన్‌క్లూడ్ లోపలి ఇన్‌క్లూడ్‌లు కూడా. ఐపీ4, ఐపీ6, ఆల్ రావు. 10 దాటితే వచ్చేది పర్మ్‌ఎర్రర్ (రికార్డే చెల్లదనే లోపం). అప్పుడు మీ అసలు మెయిల్‌కు కూడా ఎస్‌పీఎఫ్ పాస్ రాదు. ఒకే పేరు మీద రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెట్టినా ఇదే ఫలితం.

క్యూ_రన్నర్

జోన్‌ఫైల్ గారు చెప్పిన వరుస సరైనదే. ఆ హోస్టింగు ఇన్‌క్లూడ్ గురించి మాత్రం నేను ఇంకాస్త గట్టిగా చెప్తాను, ఎందుకంటే అసలు బొక్క అదే కావచ్చు. షేర్డ్ హోస్టింగులో ఒకే ఐపీ నుంచి వందల సైట్ల మెయిల్ వెళ్తుంది. ఆ ఇన్‌క్లూడ్ పెట్టారంటే ఆ సర్వర్ల మీద ఉన్న ప్రతి ఖాతాదారుకూ మీ డొమైన్ పేరుతో ఎస్‌పీఎఫ్ పాస్ రాసిచ్చినట్టే. అక్కడ ఒక పాత వర్డ్‌ప్రెస్ సైటు హ్యాక్ అయితే, అందులోని స్క్రిప్టు కవరు మీద కూడా మీ డొమైనే రాస్తుంది. అలైన్‌మెంట్‌తో సహా అన్నీ పాసవుతాయి, డీమార్క్ రిజెక్ట్ పెట్టినా లోపలికి వెళ్లిపోతుంది. దాన్ని తీసేయాల్సిందే.

అది తీస్తే ఎంక్వైరీ ఫారమ్ మెయిళ్లు ఆగుతాయి, కాబట్టి ముందు ఫారమ్ సరిచేయాలి. పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ వాడటం మానేసి, ఎస్‌ఎంటీపీ లాగిన్‌తో పోర్టు 587 ద్వారా ఎస్‌ఈఎస్‌కు పంపించండి. దానివల్ల డీకిమ్ సంతకం కూడా పడుతుంది. ఫారమ్‌లో ఇంకో తప్పు చాలా చోట్ల ఉంటుంది: విచారించిన విద్యార్థి అడ్రసునే ఫ్రమ్‌లో పెట్టేస్తారు. ఆ విద్యార్థిది యాహూ అడ్రసైతే ఆ మెయిల్ మీకు చేరదు. యాహూ 2014 ఏప్రిల్ నుంచే తన డొమైన్‌కు రిజెక్ట్ పాలసీ పెట్టుకుంది. ఫ్రమ్‌లో మీ డొమైన్ అడ్రసు ఉండాలి, విద్యార్థి అడ్రసు రిప్లైటూలో ఉండాలి.

ఇక -ఆల్ సంగతి. చాలా వ్యాసాలు -ఆల్ అంటే గట్టి భద్రత అని రాస్తాయి, నాకు ఆ మాట నచ్చదు. కొన్ని సర్వర్లు -ఆల్ చూడగానే కవరు దశలోనే తలుపు మూసేస్తాయి, ఉత్తరం లోపలి డీకిమ్ సంతకం చూసే అవకాశం కూడా ఉండదు. మీ పూర్వ విద్యార్థులు కాలేజీ అడ్రసును జీమెయిల్‌కు ఫార్వర్డ్ పెట్టుకున్నారనుకోండి. వేరేవాళ్లు పంపిన మెయిల్ మీ సర్వర్ నుంచి బయల్దేరుతుంది, పంపినవారి ఎస్‌పీఎఫ్‌లో మీ ఐపీ ఉండదు, ఫెయిల్. డీకిమ్ మాత్రం బతుకుతుంది, సంతకం మెయిల్‌తోనే ప్రయాణిస్తుంది కాబట్టి. ~ఆల్ ఉంటే అక్కడి సర్వర్ తొందరపడకుండా డీకిమ్ దాకా వెళ్లి తీర్పు చెబుతుంది. అసలు మెయిలే పంపని డొమైన్లకు -ఆల్. పంపే డొమైన్లకు ~ఆల్, వెనక డీమార్క్ రిజెక్ట్.

మెయిలింగ్ లిస్టులు ఇంకో రకం చిక్కు. సబ్జెక్టు ముందు లిస్టు పేరు, అడుగున ఫుటర్ చేరిస్తే సంతకం చెడిపోతుంది. డీకిమ్ బాడీ హ్యాష్‌ను (ఉత్తరం పాఠం వేలిముద్రను) సంతకంలో కలుపుతుంది మరి. డిపార్ట్‌మెంటుల్లో మెయిల్‌మ్యాన్ (లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే అందులో మంజ్ ఫ్రమ్ (ఫ్రమ్‌లో లిస్టు అడ్రసు పెట్టేది) ఆన్ చేయండి, లేదా సబ్జెక్టూ ఫుటరూ ముట్టుకోకుండా ఉంచండి. గూగుల్ గ్రూప్స్ అయితే రిజెక్ట్, క్వారంటైన్ ఉన్న డొమైన్లకు ఫ్రమ్‌ను అదే మార్చుకుంటుంది.

ఈసీఈ_ల్యాబ్

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ చేసి మూడు వారాలైంది. ఇప్పుడు షో ఒరిజినల్‌లో మూడూ మా డొమైన్‌తోనే పాస్ వస్తున్నాయి. రిపోర్టులు జిప్ ఫైళ్లలో ఎక్స్‌ఎంఎల్‌గా వస్తున్నాయి. గూగుల్, ఎస్‌ఈఎస్ ఐపీలు అర్థమయ్యాయి. మూడు రకాలు మాత్రం అర్థం కాలేదు. ఒకటి: తెలియని ఐపీ, ఒకటీ రెండూ మెయిళ్లు, ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ మా డొమైన్‌తో పాస్. రెండు: ఒక ఐపీ నుంచి 200 దాకా, ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, కానీ రెండూ ఎవరిదో వేరే డొమైన్. మూడు: చెల్లాచెదురు ఐపీలు, వేలల్లో మెయిళ్లు, రెండూ ఫెయిల్. ఇప్పుడు రిజెక్ట్‌కు వెళ్లొచ్చా?

హెడర్_చదువరి

మొదటిది ఫార్వర్డింగ్. మీ మెయిల్ అందుకున్నవాళ్లు ఇంకో పెట్టెకు మళ్లించుకున్నారు. డీకిమ్ పాసైంది కాబట్టి డీమార్క్ కూడా పాసే, దాన్ని వదిలేయండి. మూడోది మీరు వెతుకుతున్న దొంగల గుంపు. రిజెక్ట్ పెట్టాల్సింది వాళ్ల కోసమే.

రెండోదే అసలు పని. ఒకే చోటి నుంచి, పద్ధతిగా, తన సంతకంతో 200 మెయిళ్లు పంపేది సాధారణంగా మీవాళ్లు తీసుకున్న ఏదో సేవే: ప్లేస్‌మెంట్ సెల్ వాడే పోర్టలో, అడ్మిషన్ల ఆఫీసు కొన్న ప్రచార సాఫ్ట్‌వేరో. ఆ ఐపీని రివర్స్ డీఎన్‌ఎస్‌లో (ఐపీ నుంచి పేరు చెప్పేది) వెతికి, రిపోర్టులోని డీకిమ్ డొమైన్‌తో పోల్చండి, ఎవరో తేలుతుంది. వాళ్లను ఎస్‌పీఎఫ్ ఇన్‌క్లూడ్ అడగొద్దు, మీ డొమైన్‌తో డీకిమ్ సంతకం చేయమని అడగండి. ఒకటి రెండు సీనేమ్ రికార్డులతో అయిపోతుంది. చేయలేమంటే వాళ్ల సొంత డొమైన్‌నే ఫ్రమ్‌లో పెట్టుకోమనండి.

మూడు వారాల రిపోర్టులు ఆఫీసుకు చాలు, కాలేజీకి చాలవు. కాలేజీలో ఏడాదికి ఒక్కసారే మెయిల్ పంపే విభాగాలుంటాయి: కౌన్సెలింగ్ సమయంలో ఒకరు, స్నాతకోత్సవానికి ఒకరు. రిపోర్టులో కనిపించలేదంటే లేరని కాదు. ప్రతి విభాగానికీ వెళ్లి "మన అడ్రసుతో బయటి సాఫ్ట్‌వేర్ నుంచి ఏమైనా పంపుతారా" అని అడిగి ఒక పట్టిక రాసుకోండి. ఆ తర్వాత క్వారంటైన్ పెట్టి ఒక ఫీజు విడత గడవనివ్వండి. స్పామ్‌లో పడినదాన్ని వెలికి తీయొచ్చు, రిజెక్ట్ అయినదాన్ని తీయలేం. విడత సజావుగా నడిస్తే రిజెక్ట్. పీసీటీ ట్యాగుతో (పాలసీ ఎంత శాతం మెయిళ్లకు వర్తించాలో చెప్పేది) 10 శాతం, 25 శాతం అంటూ జరగమనే సలహాలుంటాయి. అందుకునే సర్వర్లన్నీ దాన్ని ఒకేలా పాటించవు, దాని మీద ప్రణాళిక కట్టుకోవద్దు. ఎస్‌పీ ట్యాగు (సబ్‌డొమైన్ల పాలసీ) విషయంలో జాగ్రత్త: ఎక్కడి నుంచో కాపీ చేసిన రికార్డులో ఎస్‌పీ=నన్ ఉంటే సబ్‌డొమైన్లన్నీ తెరిచి ఉన్నట్టే. అసలు ఆ ట్యాగే పెట్టకపోతే ప్రధాన పాలసీయే వాటికీ వర్తిస్తుంది.

రసీదుల మాటకొస్తే, ఫలితాల రోజున వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు 5,000 దాటి పంపితే మీరు గూగుల్ లెక్కలో బల్క్ సెండర్. సబ్‌డొమైన్లన్నీ కలిపే లెక్కపెడతారు, ఒకసారి ఆ ముద్ర పడితే పోదు. 2024 ఫిబ్రవరి నుంచి అలాంటివారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, కనీసం పీ=నన్ డీమార్క్ తప్పనిసరి. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో స్పామ్ ఫిర్యాదుల శాతం 0.1 లోపు ఉండేలా చూసుకోవాలి, 0.3కు చేరనివ్వకూడదు. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మే 5 నుంచి తన అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు 5,000 హద్దుతోనే ఇలాంటి నియమం తెచ్చింది. ప్రచార మెయిళ్లకు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ కూడా ఉండాలి, రసీదులకు అక్కర్లేదు. అందుకే అడ్మిషన్ల ప్రచారాన్నీ రసీదులనూ వేర్వేరు సబ్‌డొమైన్ల నుంచి పంపండి. ప్రచారం మీద వచ్చే ఫిర్యాదులు రసీదుల పేరు చెడగొట్టకూడదు.

మీకొచ్చే స్పామ్ గురించి అడిగారు, దానికి జవాబు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. పాస్ అంటే మంచి మెయిల్ అని అర్థం కాదు. స్పామర్ కూడా ఒక డొమైన్ కొని, మూడూ పక్కాగా పెట్టుకుని పంపగలడు. ఈ ఏర్పాటు తేల్చేది పేరు నిజమా కాదా అన్నంతవరకే. పేరు స్థిరపడితే ఫిల్టరు ఆ పేరు మీద మంచీచెడూ గుర్తుపెట్టుకోగలదు. ఐపీలు మార్చినా డొమైన్‌కు అంటిన మచ్చ వదలదు. లాభం అక్కడుంది, అది తక్కువ లాభం కాదు.

వర్క్‌స్పేస్‌లో జీమెయిల్ సేఫ్టీ విభాగం కింద స్పూఫింగ్ అండ్ అథెంటికేషన్ ఉంటుంది. మీ డొమైన్‌ను పోలిన డొమైన్లు, ఉద్యోగుల పేర్ల నకలు, మీ డొమైన్ పేరుతోనే బయటి నుంచి వచ్చేవి, ఈ మూడింటికీ చర్యను క్వారంటైన్‌గా మార్చండి. అప్రూవ్డ్ సెండర్ల జాబితా ఉంటే అందులో ప్రతి వరుసకూ సెండర్ అథెంటికేషన్ కావాలనే గడి టిక్ అయి ఉండాలి. అది లేకుండా ఒక అడ్రసును నమ్మకస్తుల జాబితాలో పెట్టడమంటే, ఆ అడ్రసును ఫోర్జరీ చేసిన ప్రతివాడికీ స్పామ్ ఫిల్టరు తీసేసి దారి ఇవ్వడమే. అకౌంట్స్ విభాగాలు వెండర్ల కోసం ఇలాంటి జాబితాలు పెంచుతుంటాయి, ముందు అక్కడే చూడండి.

రిజెక్ట్ పెట్టాక దొంగవాడు ఊరికే పోడు, రెండు దారులు పడతాడు. ఒకటి, పోలిక డొమైన్: ఒక అక్షరం అటూఇటూ మార్చింది, లేదా పేరు ప్రిన్సిపాల్‌ది, అడ్రసు ఏదో జీమెయిల్‌ది. డీమార్క్ దీన్ని ఆపలేదు. రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులన్నింటినీ అక్టోబరు 31 లోపు బ్యాంక్ డాట్ ఇన్ తోకకు మారమని ఆదేశించింది ఈ పోలిక డొమైన్ల బెడద వల్లే. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ (రిజర్వ్ బ్యాంకు స్థాపించిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ) ఒక్కటే, బ్యాంకు కానివాడికి ఆ తోక దొరకదు. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌లో లింకులోని డొమైన్ పేరు ఆ తోకతో ముగియకపోతే నొక్కకుండా ఆగమని ఆఫీసు సిబ్బందికి చెప్పండి. తల్లిదండ్రులకు కూడా ఖాతా నంబరు మెయిల్‌లో ఎప్పుడూ పంపబోమని ప్రాస్పెక్టస్‌లోనే అచ్చు వేయండి.

రెండో దారి ఖాతా దొంగతనం. ప్రిన్సిపాల్ పాస్‌వర్డే పోతే మెయిల్ మీ గూగుల్ నుంచే, మీ సంతకంతోనే వెళ్తుంది. కాబట్టి 140 ఖాతాలకూ టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పనిసరి చేయండి. ఫారమ్‌కు వాడే ఎస్‌ఈఎస్ పాస్‌వర్డు సైటు ఫోల్డరులో బయటికి కనిపించే చోట ఉండకూడదు, దానికిచ్చిన హక్కు ఆ ఒక్క ఫ్రమ్ అడ్రసుకే పరిమితం చేయండి.

ఈసీఈ_ల్యాబ్

రెండో ఐపీ దొరికింది, ప్లేస్‌మెంట్ పోర్టలే. సీనేమ్‌లు పెట్టాం. చివరిగా ఒకటి. కాలేజీ పేరు మారకముందు వాడిన పాత డొమైన్ ఇంకా మా దగ్గరే ఉంది, మెయిల్ ఏమీ లేదు. దాన్నలా వదిలేయొచ్చా?

క్యూ_రన్నర్

వదలొద్దండి. పాత సర్టిఫికెట్ల మీద, పాత బ్రోచర్ల మీద ఆ పేరు ఉంటుంది, జనం నమ్ముతారు. దానికి మూడు రికార్డులు పెట్టండి: ఎస్‌పీఎఫ్‌లో -ఆల్ ఒక్కటే, డీమార్క్‌లో పీ=రిజెక్ట్, ఎంఎక్స్‌లో ప్రాధాన్యం 0, సర్వర్ పేరు చోట ఒక చుక్క మాత్రమే. ఈ చివరిదాన్ని నల్ ఎంఎక్స్ అంటారు, ఈ డొమైన్ మెయిల్ అందుకోదని చెప్పడానికి. పంపేవాళ్లే లేరు కాబట్టి ఇక్కడ నిఘా దశ అక్కర్లేదు, ఈరోజే పెట్టొచ్చు. రెన్యువల్ మాత్రం ఆపకండి. గడువు తీరాక ఎవరైనా కొనుక్కుంటే ఈ మూడు రికార్డులూ వాళ్ల చేతికే పోతాయి, ఆ పేరుతో వాళ్లు పంపే ప్రతి మెయిల్‌కూ పాసే వస్తుంది.